గ్రహణం ఇడిశినంక నిలబడ్డ రోకలి

మొన్న ఆదివారం పొద్దుగాల చలపతి సార్ మా ఇంటికి వచ్చిండు. మీర్‌పేట్ల మా గల్లీలకు పెద్ద కారు రాదు. మూల మీద ఆపి, చేతుల పూతరేకుల డబ్బా పట్టుకొని నడుసుకుంట వచ్చిండు. తలుపు తీసింది మా అమ్మ. ఆమె గుర్తుపట్టలే. నేను వంటింట్ల దోశ తిప్పుతున్న, గొంతు ఇనబడ్డది. "బాగున్నవా అమ్మా? స్వరూప ఉన్నదా ఇంట్ల? ఎట్లున్నది బిడ్డ?" అని అడుగుతున్నడు. అట్లకాడ నా చేతులనే ఆగిపోయింది. ఆ గొంతును నేను కాటికి పోయినా మరవ. కానీ ఆ గొంతుల మా మాటలు ఇనుడు నాకు గదే మొదటిసారి. ఒకనాడు గా మాటలకే నన్ను నలుగురి ముందర నవ్వులపాలు జేసిన మనిషి, ఇయ్యాల గవే మాటలు నోట్లేసుకొని నా గడపల నిలబడ్డడు. నా దోశ మాడిపోయింది.

వచ్చి కూసున్నడు. జుట్టుకు రంగేసుకుండు, మెడ మీది ముడతలకు ఏ రంగు ఏస్తడు పాపం. ఎల్బీ నగర్ల కొత్త స్కూలు పెడుతున్నడట. అండ్ల అంతరిక్షం ల్యాబట. "ఓపెనింగ్‌కు నువ్వే రావాలె స్వరూపా. నీ ఫోటోతోని ఫ్లెక్సీ గూడ కొట్టిచ్చిన. ‘మా సంస్థ తీర్చిదిద్దిన గ్రహశాస్త్రవేత్త’ అని పెద్దపెద్ద అక్షరాలల్ల ఏసినం. ఎంతైనా నీకు పునాదేసింది మేమే గద!" అన్నడు. పునాది అన్న మాట ఇనంగనే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోటో ఏసేటప్పుడు అడగలే, అడగాలన్న సోయి గూడ లేదు. "చాయ్ పెడ్త సార్" అని లోపటికి వచ్చి, పొయ్యి మీద పాలు పెట్టి, గట్టుకు ఆనుకొని నిలబడ్డ. పాలు పొంగెటందుకు పట్టిన గంతసేపట్ల నాకు మొత్తం మళ్ల యాదికొచ్చింది. యాదికొచ్చింది అనుడు గూడ తప్పే. మరిస్తె గద యాదికొచ్చేది.

మేము అప్పుడు ఎల్బీ నగర్ల ఒక ఇంటి ఎనుక పోర్షన్ల కిరాయికి ఉండేటోళ్లం. నల్లగొండ దిక్కు ఊరు ఇడిశిపెట్టి వచ్చినంక అదే మా మొదటి పట్నం ఇల్లు. నాయిన కొత్తపేట పండ్ల మార్కెట్ల వ్యాను నడిపేటోడు. ఆయన ఇంట్లకు రాకముందే ఆయన అంగి వాసన వచ్చేది. బత్తాయిల సీజన్ల బత్తాయి, ఎండకాలం మామిడి, నడుమ నడుమ గడ్డి, డీజిల్. అమ్మ ఆ అంగిని ఎన్నిసార్లు ఉతికినా మామిడి సొన మరకలు పోకపోయేది. నాయినకు ఒక అలవాటుండె. చెప్పులిడిసి, కాళ్లు గడుక్కొని, దెబ్బ తాకిన పండ్లను ముందర పోసుకొని, కత్తితోని చెడిపోయింది కోసేసి మంచి ముక్క నా చేతుల పెట్టెటోడు. మాట తక్కువ మనిషి. పండ్ల డబ్బాలల్ల పరిచిన పాత పేపర్లను మాత్రం మడతపెట్టి తెచ్చేటోడు, నేను సదువుతనని. పండ్ల రసం తాగిన పేపరు ఎండినంక అప్పడం లెక్క ఫెళఫెళ అంటది. అట్లాంటి ఒక పేపర్లనే నేను చంద్రుని ఫోటో చూసిన. మనోళ్లు పంపిన యంత్రం తీసిన ఫోటో. గుంతల మీద గుంతలు, ఎండ తగలని మూలలు, అండ్ల నీళ్లున్నయేమో అని రాసిండ్రు. ఆ ముక్క కత్తిరించి గోడకు అంటిచ్చుకున్న. బత్తాయి వాసన వచ్చే చంద్రుడు నాది.

ముందరి ఇంట్ల రాజ్యలక్ష్మి ఆంటీ ఉండేది, ఇల్లుగల్లామె. కృష్ణా జిల్లా నుంచి ఎన్నడో వచ్చి ఇల్లు కట్టుకున్నోళ్లు. ఆమె తిరగమోత పెడితె ఇంగువ వాసన మా పోర్షన్ దాక వచ్చేది. మా అమ్మ సర్వపిండి చేస్తె గిన్నెల పెట్టి పంపేది, ఆ గిన్నె ఎప్పుడూ ఉత్తగ తిరిగి రాకపోయేది, పులిహోరనో గోంగూరనో ఏస్కొని వచ్చేది. ఉద్యమం ఎక్కువైన దినాలల్ల ఆమె ఒకనాడు మా వాకిట్ల నిలబడి "ఏమ్మా, రాష్ట్రం వస్తే మమ్మల్ని పొమ్మంటారా?" అని అడిగింది. అమ్మ చాటల బియ్యం చెరుగుకుంటనే "ఇల్లు నీది, కిరాయికున్నది మేము. ఎవలు ఎవలను పొమ్మంటరమ్మా?" అన్నది. ఇద్దరు నవ్విండ్రు. నవ్వినా, ఆంటీ ఆ రోజు చానాసేపు మా గడపల్నే కూసున్నది.

నేను దిల్‌సుఖ్‌నగర్ల చలపతి సార్ కాలేజీల ఇంటర్ సదివేదాన్ని. గా దిల్‌సుఖ్‌నగర్ల సంగతి తెల్సిందేనాయె. సూర్యుని చుట్టు ఎన్ని గ్రహాలున్నా అక్కడ మాత్రం రెండే గ్రహాలు, ఇంజనీరింగు, మెడిసిను. మూడో దాని పేరు తీస్తె పిచ్చిదాన్ని చూసినట్టు చూసేటోళ్లు. బంద్ అంటె ఊరంత బంద్, మా కాలేజీ మాత్రం సగం షట్టర్ దించి సెల్లార్ల క్లాసులు నడిపేటోళ్లు. మెడల కార్డు ఏస్కోవద్దు, యూనిఫాం తొడుక్కోవద్దు, ఒక్కొక్కలు రావాలె. బయట రోడ్డు మీద నినాదాలు ఇనబడంగనే లైట్లు ఆర్పేసి "ఎవరూ మాట్లాడకండి" అని చలపతి సార్ నోటి మీద ఏలు పెట్టుకునేటోడు. ఆయన ఫిజిక్స్ చెప్పేటోడు, కాలేజీ గూడ ఆయనదే. ఆ చీకట్ల నేను నోరు మూసుకొని కూసునేదాన్ని, పానమంత రోడ్డు మీదనే ఉండేది.

అట్లాంటి దినాలల్లనే నీరజ మేడం మా కాలేజీకి వచ్చింది. పట్నంల ఉన్న ఒక పరిశోధన సంస్థల గ్రహాల మీద పనిచేసే మనిషి. సాదా కాటన్ చీర, భుజానికి జోలె. సూర్యగ్రహణం రాబోతున్నది, జనాలు భయపడి ఇండ్లల్ల దాసుకోకుండ బయటికి వచ్చి చూడాలె, దానికి తమ సంస్థ టెలిస్కోపులు తెచ్చి మా కాలేజీ గ్రౌండ్ల పెడతది అని చెప్పింది. కాలేజీ తరఫున ఒక్క విద్యార్థి మైకు పట్టుకొని జనానికి అర్థమయ్యేటట్టు చెప్పాలె. ఆ చెప్పినోళ్లను ఎండకాలం సెలవులల్ల తమ దగ్గరికి పిలిపిచ్చుకొని, నెల దినాలు చంద్రుని ఫోటోల మీద పని నేర్పిస్తరట. నేను చెయ్యి లేపి అడిగిన, "మేడం, దీనికి ఇంజనీరింగ్ సదవాల్నా?" అని. క్లాసంత నవ్వింది. ఆమె నవ్వలే. "అక్కర్లేదమ్మా. ఫిజిక్స్ చదివినవాళ్లు వస్తారు, రాళ్ల శాస్త్రం, కెమిస్ట్రీ చదివినవాళ్లు వస్తారు. డిగ్రీ, ఎమ్మెస్సీ, తర్వాత ఎంట్రెన్స్ రాసి పరిశోధన. గ్రహాల శాస్త్రం అంటే రాత్రంతా చుక్కలు చూడటం ఒక్కటే కాదు, ఎక్కువ రోజులు మట్టిని, రాళ్లని చదవడమే" అన్నది. మట్టి సదువుడు. మా తాతలు చేసింది గదే కదా అనుకున్న. ఆ నెల దినాల సీటు నాకు కావాలె. అన్నం కావాలన్నంత గట్టిగ కావాలె. బత్కుల ఏదన్న ఒకటి అంతగనం కోరుకున్ననంటె గదే.

సార్ స్టాఫ్‌రూముల పరీక్ష పెడ్తనన్నడు. నేను పండ్ల డబ్బా అట్టలతోని పెట్టె చేసి, ఒక దిక్కు గుండుసూదితోని రంధ్రం పొడిచి, ఇంకో దిక్కు తెల్లకాగితం అంటిచ్చి, సూర్యుని బొమ్మ కాగితం మీద పడేటట్టు చేసిన. గాజుల పెట్టెంత ఉన్నది గానీ మంచిగ పనిచేసింది. అద్దం ముందర నిలబడి చెప్పుకున్న, అమ్మకు చెప్పిన, ఆంటీకి చెప్పిన. ఆ రోజు స్టాఫ్‌రూముల సార్లందరు టిఫిన్లు తింటున్నరు. నేను పెట్టె చూపిచ్చుకుంట మొదలువెట్టిన. "సూర్యునికి, భూమికి నడుమ చంద్రుడు అడ్డమొస్తడు. గందుకే..." అన్ననో లేదో చలపతి సార్ చెంచా పక్కకు పెట్టి పగలబడి నవ్విండు. "అడ్డమొస్తడా? చంద్రుడేమన్నా ఎడ్లబండా తల్లీ?" అన్నడు. మిగతా సార్లు నవ్విండ్రు. నేను ఆగలే, మళ్ల అందుకున్న. ఆయన చెయ్యి లేపి ఆపిండు. "చాలమ్మా. సబ్జెక్టు వచ్చు నీకు, కాదనను. కానీ ఆ మాటతీరేంటి? బయట టీవీ వాళ్లు ఉంటారు. నువ్వు మైకు పట్టుకుంటే గ్రహణం గురించి అనుకోరు, ఉద్యమం మీటింగ్ అనుకుంటారు. ముందు శుభ్రంగా తెలుగు నేర్చుకో. హర్ష చెబుతాడులే. నువ్వు ఆ రోజు కుర్చీలు సర్దించు" అన్నడు. హర్ష ఆయన బామ్మర్ది కొడుకు. అక్కడ్నే మూలకు కూసొని ఫోన్ చూసుకుంటున్నడు. నా అట్టపెట్టెను హర్ష చేతికి ఇచ్చిండు సార్. "ఇది వాడుకోరా, బాగా చేసింది" అన్నడు.

ఇంటికొచ్చి ఏడ్వలే. ఏడుపు రాలే. నాయినకు తెలిస్తె ఆయన పండు కోసే కత్తిని కింద పెట్టి "మార్కెట్ల మా దోస్తులను తీస్కొని పోత. ఒక్కసారి మాట్లాడి వస్తం" అన్నడు. మాట్లాడుడు అంటె ఏందో నాకు ఎరికే. "వద్దు నాయినా. ఒక్క దెబ్బతోని అయిపోయేది నాకొద్దు. నేను నిమ్మళంగ చూసుకుంట" అన్న. నాయిన నా మొకం దిక్కు చూసి, మళ్ల కత్తి తీసుకొని బత్తాయి కోసుడు మొదలువెట్టిండు. అప్పటికి నాకు ఏం చెయ్యాల్నో తెల్వది. తెల్వకున్నా అన్న.

గ్రహణం రేపనంగ ఆంటీ వాళ్లింట్ల హడావుడి. ఊరగాయ జాడీల మీద దర్భ పెడుతున్నది, దేవుని గూటికి తెర కడుతున్నది. ఇత్తడి తాంబాళం తోమి, రోకలిని కడిగి పెట్టింది. మన దిక్కు అందరికి తెల్సిన ముచ్చటనే, గ్రహణం పట్టినప్పుడు తాంబాళంల నీళ్లు పోసి రోకలి నిలబెడితె నిలబడ్తది, ఇడవంగనే పడిపోతది అంటరు. "కాలేజీలో కూడా పెడతారట, మీ సార్ టీవీలో చూపిస్తాడట" అన్నది ఆంటీ. నా చెవులు నిక్కపొడుసుకున్నయి. ఫిజిక్స్ చెప్పే సారు రోకలి నిలబెడతడా? "ఆంటీ, ఇయ్యాల నిలబెట్టి చూద్దమా?" అన్న. "ఇవాళెందుకు నిలబడుతుందే పిచ్చిదానా? గ్రహణం రేపు కదా!" అన్నది. నేను తాంబాళంల నీళ్లు పోసి, రోకలిని పట్టుకొని, చేతులు చిన్నగ చిన్నగ ఇడిశిన. పడ్డది. మళ్ల పెట్టిన. పడ్డది. ఇంకోసారి పెడితె నిలబడ్డది, తాటిచెట్టు లెక్క. ఆంటీ నోరు తెరిసి బుగ్గ మీద చెయ్యేసుకుంది. "అయ్యో అయ్యో! ఇవాళ్టి నుంచే ప్రభావం మొదలైందేమోనే!" అన్నది. నాకు నవ్వాగలే. ఆమెను నేలమీద కూసోబెట్టి రోకలి కొసకున్న ఇనుప పొన్ను చూపిచ్చిన. చదునుగ ఉంటది, దాని మీద బరువు సక్కగ నడుమ పడితె ఎప్పుడైనా నిలబడ్తది. ఆమె తనే నిలబెట్టి చూసింది. మళ్ల చూసింది. "మరి ఇన్నేళ్లూ మేం మామూలు రోజుల్లో పెట్టి చూడనే లేదే!" అన్నది. అవును, ఎవ్వరు చూడలే. నాకు ఏం చెయ్యాల్నో అప్పుడు తెల్సింది.

మరునాడు కాలేజీ గ్రౌండ్ల షామియానా ఏసిండ్రు. ఉద్యమం కొరకని దిల్‌సుఖ్‌నగర్లనే తిరుగుతున్న టీవీ బండి ఒకటి వచ్చి ఆగింది. నీరజ మేడం, వాళ్ల మనుషులు టెలిస్కోపులకు నల్లటి ఫిల్టర్లు పెట్టి వరుసగ నిలబెట్టిండ్రు. నేను కుర్చీలు ఏసిన, తుడిసిన. హర్ష నా అట్టపెట్టెను తలకిందులు పట్టుకొని ఏదో సదివిండు, జనాలు ఆవులిచ్చిండ్రు. గ్రహణం నడుమకు వచ్చేసరికి చలపతి సార్ మైకు గుంజుకుండు. ముందర తాంబాళం, పసుపు నీళ్లు, కుంకుమ బొట్టు పెట్టిన రోకలి. నిలబెట్టిండు. నిలబడ్డది. "చూశారా! సూర్యుడూ చంద్రుడూ ఒకే గీత మీదికి వచ్చారు. ఆకర్షణ శక్తి పెరిగింది. అందుకే రోకలి నిలబడింది. గ్రహణం విడవగానే దానంతట అదే పడిపోతుంది. మన పూర్వీకుల సైన్స్ ఇది!" అన్నడు. చప్పట్లు. నీరజ మేడం మొకం ఎర్రగయింది. "సార్, అది కాదు..." అని ముందరికి వచ్చింది. "తర్వాత మేడం, లైవ్‌లో ఉన్నాం" అన్నడు. నేను గప్పుడే ఉరికి చెప్పొచ్చు. చెప్పలే. కుర్చీ తుడుసుకుంట నిలబడ్డ. ఆకలైనోనికి పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటె ఎట్లుంటదో అట్లుండె నాకు. ఉడకనీ అనుకున్న, మంచిగ ఉడకనీ.

గ్రహణం ఇడిశింది. తలస్నానాలు చేసి, తడి జుట్లతోని ఆడోళ్లు గల్లీలల్లకెల్లి రాబట్టిండ్రు. ఆంటీ గూడ వచ్చింది. అందరు రోకలి దిక్కే చూస్తున్నరు. అది పడుతలేదు. కెమెరా పిలగాడు గూడ ఎదురు చూస్తున్నడు. చలపతి సార్ గడియారం చూసుకుండు, మెడ తుడుసుకుండు, ఒక అడుగు దగ్గరికి జరిగి చెప్పుతోని తాంబాళం అంచును చిన్నగ తట్టిండు. నేను కండ్లార చూసిన. రోకలి డబ్బున పడ్డది. "పడింది! గ్రహణం విడిచింది, రోకలి పడింది!" అన్నడు. నేను చేతిల కుర్చీ కింద పెట్టి పోయిన. "జర ఆగుర్రి సార్" అన్న.

రోకలి తీసి తాంబాళంల పెట్టిన. పడ్డది. జనం నవ్విండ్రు. "చూశావా? ఇక నిలబడదు. వెళ్లి కుర్చీలు చూసుకో" అన్నడు సార్. మైకు ఆయన చేతులనే ఉండె, అందరికి ఇనబడ్డది. మళ్ల పెట్టిన, ఊపిరి బిగవట్టి ఏళ్లు ఒక్కొక్కటి ఇడిశిన. నిలబడ్డది. నవ్వు ఆగిపోయింది. నాకు మైకు అక్కర్లేకపోయింది. "గ్రహణం ఇడిశింది గద సార్. మరి గిదెందుకు నిలబడ్డది?" అని అరిశిన. తర్వాత ఆయన దిక్కు చూడలే, ఆడోళ్ల దిక్కు తిరిగిన. "అమ్మా, గీ పొన్ను చూడుర్రి, సదునుగ ఉన్నది. గందుకే నిలబడ్తది. రేపు నిలబెట్టుర్రి, ఎల్లుండి నిలబెట్టుర్రి, అమాస నాడు, పున్నం నాడు, ఎప్పుడు పెట్టినా నిలబడ్తది. చంద్రుడు నడుమల అడ్డమొచ్చిండు, పోయిండు, గంతే. ఆయనకు మన రోకలితోని ఏం పని?" అన్న. ఒకామె కొంగు బిగిచ్చి "ఉండు బిడ్డా, నేను పెడ్త" అని వచ్చింది. నిలబెట్టింది. ఇంకొకామె వచ్చింది. సార్ "ఇదంతా గ్రహణం ప్రభావం ఇంకా పూర్తిగా పోక..." అని ఏదో గొణుగుతుంటె రాజ్యలక్ష్మి ఆంటీ ముందరికి వచ్చింది. "నిన్న మా ఇంట్లోనూ నిలబడిందండీ. నా చేత్తో నేనే నిలబెట్టాను" అన్నది. సార్ ఆమె నోట్ల తన దిక్కు యాస ఇని బిత్తరపోయిండు. "ఏవండీ, మీరు కూడానా?" అన్నడు. "నేను కూడా ఏంటండీ? రోకలికి ఏ జిల్లా అని ఉంటుందా?" అన్నది ఆంటీ. గంత నవ్వు నేను మళ్ల ఎన్నడు ఇనలే. గేటు కాడ నిలబడ్డ పోరగాండ్లు జై తెలంగాణ అని కేకలేసిండ్రు. ఉద్యమం నాది గూడ, కాదనను. కానీ ఆ నిమిషం మాత్రం ఎవ్వరిది గాదు, ఒక్క నాదే. సార్ మొకం పసుపు నీళ్ల లెక్క పాలిపోయింది. నేను తనివితీర చూసిన.

గెలిచిన అనుకున్న. పక్కరోజు గేటు కాడ అటెండర్ ఆపిండు. క్రమశిక్షణ లేదని, బంద్‌లల్ల పాల్గొన్ననని, కాలేజీల నుంచి తీసేసిండ్రు. బంద్ దినాలల్ల నేనున్నది ఆయన సెల్లార్లనే, ఆయన చీకట్లనే! ఆంటీ ఇంట్లకెల్లి నీరజ మేడంకు ఫోన్ చేసిన. "కాలేజీ పంపిన పేరే తీసుకోవాలి తల్లీ, మా నియమం అది. నువ్వు మాత్రం ఆపకు" అన్నది. ఆ ఎండకాలం మేడం దగ్గరికి హర్ష పోయిండు. వచ్చినంక ఆ సంస్థ గుర్తు కుట్టిన టోపీ పెట్టుకొని దిల్‌సుఖ్‌నగర్ బస్టాప్‌ల నిలబడ్డడు. నేను ఎదురుంగ నిలబడి, నా బస్సు వచ్చినా ఎక్కకుండ, గా టోపీనే చూసిన. అది నాది. గా పోరడు ఇప్పుడు ప్లాట్ల వ్యాపారం చేస్తడు. చంద్రుని మొకం ఎత్తి చూస్తడో లేదో గూడ తెల్వదు.

పగ మంచిది గాదంటరు. ఏమో, నాకైతె మంచే చేసింది. సర్కారు కాలేజీల ఇంటర్ అయిపోగొట్టిన, రాళ్ల శాస్త్రం తీసుకొని డిగ్రీ చేసిన, ఎమ్మెస్సీ చేసిన, ఎంట్రెన్స్ రాసిన, ఒకసారి తప్పిన, మళ్ల రాసిన. నిద్రొచ్చినప్పుడల్ల ఎడ్లబండి యాదికొచ్చేది, లేచి మొకం గడుక్కునేదాన్ని. ఇప్పుడు చంద్రుని మీది గుంతలు లెక్కబెట్టి ఏ నేల ఎంత పాతదో చెప్పుడు నా పని. గోడ మీది గీతలు, మరకలు చూసి సున్నమేసి ఎన్నేండ్లయిందో చెప్పినట్టే. సెలవు దొరికితె టెలిస్కోపు బండిల ఏస్కొని సర్కారు బడులకు పోత. పిల్లలు "మేడం, నేనూ గీ పని చెయ్యొచ్చా?" అని అడిగితె, నీరజ మేడం చెప్పిన దారే చెప్త, మా యాసలనే చెప్త.

అప్పటికి, ఇప్పటికి చానా మారింది. దిల్‌సుఖ్‌నగర్ నెత్తి మీదికెల్లి మెట్రో పోతున్నది. పండ్ల మార్కెట్ ఊరవతలి బాటసింగారంకు పోయింది, నాయిన దాని ఎంబడే పోయిండు, ఇప్పుడు ఒక షాపుల కూసుంటడు. కొత్తపేట మీదికెల్లి పోతె బత్తాయి వాసన రాదు, పానం ఉసూరుమంటది. చంద్రుని మీద యంత్రం దిగుడు పిల్లలు ఫోన్లనే చూస్తున్నరు. రాష్ట్రం వచ్చింది. మా మాట టీవీలకు ఎక్కింది, అమ్ముడు గూడ పోతున్నది. అమ్ముడు పోతున్నది గనుకనే చలపతి సార్ నోట్లకు గూడ వచ్చింది. అప్పుడు నా నోట్లున్నదాన్ని చూసి నవ్విండు, ఇప్పుడు దాన్నే తీసి తన నోట్లేసుకుండు. గది నాకు అన్నిటికంటె ఎక్కువ మండింది.

చాయ్ తెచ్చి ఇచ్చిన. "సార్, ఆ గ్రహణం నాడు ఏమైందో యాదికున్నదా?" అని అడిగిన. ఆయన కప్పు ఎత్తుకొని ఆలోచించిండు. నటిస్తలేడు, నేను మంచిగ చూసిన. "ఏ గ్రహణం బిడ్డా?" అన్నడు. నేను గిన్నేండ్లు మోసింది ఆయన ఎన్నడో దించుకొని పోయిండు. "నేను రాను సార్. ఫ్లెక్సీల నా ఫోటో తీసెయ్యిర్రి. లేకుంటె నేనే వచ్చి స్టేజీ ఎక్కి, నన్ను ఎందుకు తీసేసిండ్రో చెప్త" అన్న. ఆయన చాయ్ సగం తాగి లేచిండు. నేను రెండు రోజులు ఎల్బీ నగర్ దిక్కు పని లేకున్నా పోయి చూసిన. నా మొకం మీద తెల్లకాగితం అంటిచ్చిండ్రు. కడుపు సల్లగయింది. కానీ పూర్తిగ సల్లగ గాలే.

ఓపెనింగ్ నాడు మాపటికి, ఆ స్కూలుకు ఎదురుంగ ఉన్న సర్కారు బడి గ్రౌండ్ల నా టెలిస్కోపు పెట్టిన. గదే దినం, గదే యాళ్లకు. ఊకెనే పెట్టలే, కావాల్నని పెట్టిన. సగం చంద్రుడు, గుంతల అంచులు నిగనిగ మెరుస్తున్నయి. సర్కారు బడి పిల్లలు వచ్చిండ్రు, గల్లీ ఆడోళ్లు వచ్చిండ్రు. జర సేపటికి మెడల టైలు కట్టుకున్న పిల్లలు గూడ రోడ్డు దాటి ఉరికొచ్చిండ్రు, వాళ్లను గూడ వరుసల నిలబెట్టిన. ఒక పిల్ల కన్ను పెట్టి "అబ్బ, ఎంత బాగుందో! ఆంటీ, ఆ గుంటలు ఎవరు తవ్వారు?" అని అడిగింది. రాళ్లొచ్చి గుద్దినయి బిడ్డా అని చెప్పిన. పిల్లల ఎనుక వాళ్ల సార్లు, వాళ్ల ఎనుక ఫోటోలు తీసేటాయనతోని చలపతి సార్ వచ్చిండు. రోడ్డవతల ఆయన కుర్చీలు ఖాళీగ ఉండె. నేరుగ నా దగ్గరికి నడుసుకుంట వస్తుంటె "లైన్ల రావాలె సార్" అన్న. అందరు ఇన్నరు. ఆయన జర నిలబడి, పోయి ఆఖరుకు నిలబడ్డడు. వరుస జరిగింది. ముందరున్న పిల్లలు అయిపోయిండ్రు, వాళ్ల సార్లు అయిపోయిండ్రు. ఆయన కండ్లద్దాలు తీసి, అంగితోని తుడుసుకొని, వంగబోయిండు. నేను టెలిస్కోపు మూతి మీద మూత పెట్టిన. "ఇయ్యాల్టికి గింతే సార్" అన్న. టెలిస్కోపు పట్టుకొని తిరగబట్టి గిన్నేండ్లాయె, ఒక్కరిని గూడ నేను చూపియ్యకుండ ఎనుకకు పంపలే. ఆయనొక్కన్ని పంపిన.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పిన. అమ్మ పప్పు ఏడి చేస్తున్నది. చెయ్యి ఆపి నా దిక్కు చూసింది. "ముసలాయన. ఒక్క నిమిషం చూపిస్తె నీదేం పోతుండెనే?" అన్నది.

"ఏం పోకపోతుండె అమ్మా. ఆనాడు నన్ను మాట్లాడనిస్తె, ఆయనది ఏం పోతుండె?" అన్న.

అమ్మ అన్నం పెట్టింది. నేను కడుపునిండ తిన్న.